చెయ్యెత్తలేదు సరే, చేతికి డబ్బులిస్తున్నాడా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాయిస్ మెసేజ్‌ల్లో చాలావాటి చివర ఇంచుమించు ఇదే మాట ఉంది: "ఇది పెద్ద విషయం కాదేమో, అయినా రాయాలనిపించింది." అవన్నీ పెద్ద విషయాలే. అందుకే ఈ నెల వంటింటి చిట్కాలూ పిల్లల చదువులూ పక్కన పెట్టి ఇంట్లో జరిగే హింస గురించే మాట్లాడుకుందాం. ఊళ్ళు కాస్త అటూ ఇటూ మార్చాను, పేర్లు తీసేశాను. ఎవరూ గుర్తుపట్టరు, భయపడకండి.

ప్రశ్న: అక్కా, మాది రాజోలు పక్కన ఊరు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మంచివారే, తాగరు, ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. డబ్బులు మాత్రం మా అత్తగారి అకౌంటుకే పంపుతారు. పాపకి పెన్సిల్ కొనాలన్నా ఆవిడ్ని అడగాలి, ఆటోకి ఎంతయిందో లెక్క చెప్పాలి. పెళ్ళికి మా నాన్న పెట్టిన బంగారం అత్తగారి పేరు మీద తాకట్టులో ఉంది. నా పేరున డ్వాక్రా లోను తీసి ఆడపడుచు పెళ్ళికి వాడారు, కిస్తీ ఆలస్యమైతే సంఘంలో మాటలు పడేది నేను. ఆయన రోజూ వీడియో కాల్ చేసి ఫోను ఇల్లంతా తిప్పి చూపించమంటారు. ఎత్తడం లేటైతే "ఎవడితో ఉన్నావ్" అంటారు. ఇదంతా సంసారంలో మామూలేనా? మా అమ్మ "కొట్టడు, తాగడు, ఇంకేం కావాలే నీకు" అంటోంది.

జవాబు: చెల్లీ, మీ అమ్మగారి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ఇంకా చాలా కావాలి. నీ పేరు మీద తీసిన అప్పు ఎక్కడికి పోయిందో అడిగే హక్కు కావాలి, నీ మెడలో ఉండాల్సిన బంగారం ఏ బ్యాంకులో ఉందో ఆ రసీదు నీ చేతిలో ఉండాలి, పెన్సిల్ కొనుక్కోడానికి నలుగురిలో చెయ్యి చాపకుండా ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

డబ్బు గురించి గొడవ పడని మొగుడూ పెళ్ళాం ఎక్కడా ఉండరు. గొడవలో ఇద్దరూ అరుస్తారు, రెండు రోజులు మూతి ముడుచుకుంటారు, తర్వాత ఎవరో ఒకరు తగ్గుతారు, అయిపోతుంది. నువ్వు రాసినదాంట్లో తగ్గేది ఎప్పుడూ నువ్వే, అడిగేది ఎప్పుడూ నువ్వే, ఫోను మోగితే గుండె దడదడలాడేదీ నీకే. తేడా అక్కడుంది. "కొట్టాడా" అన్నది కాదు చూసుకోవాల్సింది. "ఆయనకి ఏమనిపిస్తుందో అని నేను రోజులో ఎన్నిసార్లు భయపడుతున్నాను" అన్నది చూసుకో.

ఇది నా సొంత అభిప్రాయం అనుకునేవు. 2005లో వచ్చిన గృహ హింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది, అందులోని 3వ సెక్షన్‌లో హింస నాలుగు రకాలుగా చెప్పారు: ఒంటి మీద చేసేది, లైంగికంగా చేసేది, మాటలతో మనసుని హింసించేది, నాలుగోది డబ్బుతో చేసేది. భార్యకీ పిల్లలకీ అవసరమైన డబ్బు ఇవ్వకపోవడం, ఆమె స్త్రీధనాన్ని ఆమెకి అందకుండా చేయడం లేదా అమ్మేయడం, ఇవన్నీ ఆ నాలుగో దాంట్లోకి వస్తాయి. నీ బంగారం సంగతి పక్కాగా అందులోదే. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పెట్టినది ఆడపిల్ల సొంతం, అత్తింట్లో బీరువాలో ఉన్నంత మాత్రాన అది వాళ్ళది అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. వీడియో కాల్‌లో ఇల్లు తిప్పి చూపించమనడం, "ఎవడితో ఉన్నావ్" అనడం మాటల హింస, మానసిక హింస. ప్రేమెక్కువై అలా అంటాడు అని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నమ్మకు.

మన కోనసీమలో గల్ఫ్ డబ్బుతో లేచిన మేడలు చూసి అందరం ముచ్చటపడతాం. ఆ మేడల్లో కాపురం చేస్తున్న కోడళ్ళలో సొంత పర్సు ఉన్నవాళ్ళు ఎంతమందో ఎప్పుడూ అడగం. సరే, పనికొచ్చే మాటకి వస్తాను.

నీ పేరు మీద ఒక్కదానివే ఒక బ్యాంకు ఖాతానో పోస్టాఫీసు ఖాతానో తెరువు. దానికిచ్చే ఫోన్ నంబరు నీ దగ్గరున్నదై ఉండాలి. పెళ్ళి ఫోటోల్లో నగలు కనిపించేవి ఏరి, పుట్టింట్లో ఉన్న నగల బిల్లులతో కలిపి ఫోటోలు తీసి మీ అక్క దగ్గరో నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో దాచు, నీ ఫోన్‌లో మాత్రం ఉంచకు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, తెరిచి చూడు, నీకు తెలియని కంప్యూటరో ఫోనో అక్కడ కనిపిస్తే నీ మెసేజ్‌లు ఇంకొకరు చదువుతున్నట్టే. డ్వాక్రా సంఘంలో ఇకపై నువ్వు చదవకుండా దేని మీదా సంతకం పెట్టకు, ఈ లోను ఎవరు వాడుకున్నారో లీడరుకి నెమ్మదిగా చెప్పి ఉంచు. కాగితం మీద అప్పు నీదే, అయినా జరిగింది తెలిసిన మనిషి ఒకరు బయట ఉండడం మంచిది.

ఇవయ్యాక, నీకు భయం లేదనిపిస్తేనే, ఆయన్ని ఒక మాట అడుగు: "నెలకి ఇంత అని నా అకౌంటుకి వేయండి, పాప ఖర్చులు నేను చూసుకుంటాను." ఒప్పుకుంటే సగం తేలినట్టే. "నీకెందుకే అకౌంటు" అని గోల మొదలైతే అదీ ఒక జవాబే, అప్పుడు 181కి ఫోన్ చెయ్యి. అది మహిళల హెల్ప్‌లైను, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు పడవు. ఫోన్ చేసినంత మాత్రాన కేసు పెట్టేయరు. నీ ఫోన్‌లో కాల్ లిస్టు చూసేవాళ్ళుంటే పక్కింటివాళ్ళ ఫోను నుంచి చెయ్యి. నేరుగా వెళ్ళాలంటే జిల్లా కేంద్రాల్లో సఖి అనే వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి. అక్కడ కౌన్సెలరూ, లాయరు సలహా, పోలీసు సాయం అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. "ఆయన పాస్‌పోర్టు పట్టేసుకుంటారేమో, ఉద్యోగం పోతుందేమో" అని నువ్వు భయపడుతుంటే, గృహ హింస చట్టం కింద వేసే అర్జీతోనే ఎవర్నీ జైల్లో పెట్టరు. బంగారం తిరిగి ఇప్పించమని, ఖర్చులకి నెలనెలా ఇప్పించమని, ఆ ఇంట్లోంచి నిన్ను వెళ్ళగొట్టకూడదని మేజిస్ట్రేటుని అడగొచ్చు. అత్తగారి మీద కూడా అడగొచ్చు. ఇల్లు ఆవిడ పేరు మీద ఉన్నా సరే, నువ్వు కాపురం చేసిన ఇల్లు కాబట్టి అక్కడ ఉండే హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. విడాకులు అడక్కుండానే ఇవన్నీ అడగొచ్చని చాలామందికి తెలీదు. కాపురం కావాలి, ఈ బతుకు వద్దు అనేవాళ్ళ కోసమే ఈ చట్టం వచ్చింది.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. పాలకొల్లు దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. పెద్దమ్మాయిని తణుకు వైపు ఇచ్చాం. అల్లుడు కొడుతున్నాడని రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టాం, ఇక కొట్టనని బాండు పేపరు మీద రాసిచ్చాడు. ఈసారి అమ్మాయి మెడ మీద వేళ్ళ గుర్తులతో వచ్చింది. పండగ ముందు పంపించేయండి, పరువు పోతుంది అని వాళ్ళ పెద్దలు కబురు పెట్టారు. రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, మా ఆవిడ కూడా పంపేద్దామంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: పంపకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ఇది చదివిన రోజే.

మెడ పట్టుకోవడం చెంపదెబ్బలాంటిది కాదండీ. గొంతు నులిమినప్పుడు పైకి గుర్తులు పెద్దగా కనిపించకపోయినా లోపల రక్తనాళాలకి దెబ్బ తగిలి ఉండొచ్చు. గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత ప్రమాదం బయటపడుతుంది. గొంతు బొంగురుపోయిందా, మింగడం కష్టంగా ఉందా, తలనొప్పి, కళ్ళు మసకలు ఉన్నాయా అని అడిగి డాక్టరుకి చెప్పండి. ఇంకో సంగతి, ఇది మీకు కఠినంగా ఉంటుంది కానీ దాచను: ఒకసారి గొంతు పట్టుకున్న మనిషి చేతిలో తర్వాత ప్రాణం పోయే ముప్పు బాగా ఎక్కువని ఈ విషయం మీద పనిచేసే డాక్టర్లూ పోలీసులూ అన్ని దేశాల్లోనూ చెప్పే మాట. మూడోసారి పెద్దమనుషుల్లో పెట్టే దశ దాటిపోయింది.

ఆస్పత్రిలో ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పించండి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకి తెలియాల్సిన గాయంగా, రాయించండి. పరువు కోసం "బాత్రూంలో జారిపడింది" అని రాయించారంటే రేపు కోర్టులో ఆ కాగితమే మీకు అడ్డం వస్తుంది. గుర్తులకి తేదీ పడేలా ఫోటోలు తీయండి. నీలం మచ్చలు ఒకటి రెండు రోజుల తర్వాతే బాగా తేలతాయి కాబట్టి అప్పుడు మళ్ళీ తీయండి.

ఇక ఆ బాండు పేపరు. మన వైపు పెద్దమనుషుల మీద నాకు కోపమేమీ లేదు, చెరువు గట్టు తగాదాలూ బోదె నీళ్ళ తగాదాలూ వాళ్ళు తీర్చినంత త్వరగా కోర్టులు తీర్చవు. ఆడపిల్ల ఒంటి మీద దెబ్బల విషయంలో మాత్రం వాళ్ళు చేసేది రాజీ, ఆ రాజీలో ఒకవైపు మనిషి తప్పకుండా ఆ ఇంటికి తిరిగి వెళ్ళాలి. ఆ కాగితం అతను మీరినా అడిగేవాడు లేడు. అయినా దాన్ని పారేయకండి! "ఇకపై కొట్టను" అని సంతకం పెట్టాడంటే ఇప్పటివరకూ కొట్టానని ఒప్పుకున్నట్టే, మీ లాయరు చేతికి దొరికిన మంచి సాక్ష్యం అది. అదే, కొట్టకూడదని మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు వేరు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఆ ఉత్తర్వు కోసం తణుకు తిరగక్కర్లేదు. అమ్మాయి ఇప్పుడు మీ ఇంట్లో ఉంది కాబట్టి మీ ఊరు ఏ మేజిస్ట్రేటు కోర్టు కిందికి వస్తే అక్కడే వేయొచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసరని ఉంటారు, స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో అడిగితే చెప్తారు. వాళ్ళు అమ్మాయి చెప్పింది విని గృహ సంఘటన నివేదిక అనే ఫారం నింపి కోర్టుకి పంపుతారు. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వేయాలి, మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి చూడాలి అని చట్టంలో ఉంది. మన కోర్టుల సంగతి మీకు తెలిసిందే, అంతకన్నా లాగుతుంది. అందుకే తుది తీర్పు దాకా ఆగకుండా మధ్యంతర ఉత్తర్వు కావాలని మొదటి రోజే అడిగించండి. అవతలివాళ్ళు రాకపోయినా అమ్మాయి ప్రమాణపత్రం చూసి మేజిస్ట్రేటు ఇవ్వొచ్చు. లాయరు ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెప్తోంది. చెరువులున్న ఆసామి కూతురైనా సరే. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి.

పోలీసు కేసు వేరే దారి. భర్తా అత్తింటివాళ్ళూ పెట్టే హింసకి కేసు పెట్టే పాత 498-ఎ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది, మూడేళ్ళ వరకు శిక్ష ఉంటుంది. కొట్టింది తణుకులో కాబట్టి అక్కడికే వెళ్ళమని మీ స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి, రాసి అక్కడికి పంపాల్సింది వాళ్ళే. కేసు పెట్టగానే ఇంటిల్లిపాదినీ లోపల వేసేస్తారని వాళ్ళ పెద్దలు బెదిరిస్తే కంగారు పడకండి, అరెస్టు దానంతటది జరిగిపోకూడదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెట్టాలా వద్దా, రెండు దారులూ ఒకేసారి వెళ్ళాలా అన్నది మాత్రం అమ్మాయే తేల్చుకోవాలి. మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, మీరేమంటున్నారు, మీ ఆవిడ ఏమంటున్నారు, వాళ్ళ పెద్దలేమంటున్నారు, అన్నీ ఉన్నాయి. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీరొక్కరే కూర్చుని అడగండి. చెప్పేదాకా మధ్యలో అందుకోకండి.

రెండో అమ్మాయి సంబంధం సంగతంటారా. అక్క మెడ మీద గుర్తులు చూసి కూడా పంపేసిన ఇంటి నుంచి పిల్లని చేసుకునేవాళ్ళు రేపు ఆ పిల్లని ఎలా చూస్తారు? ఏం చేసినా ఈ ఇంట్లో అడిగేవాళ్ళు లేరని వాళ్ళకి ముందే తెలిసిపోతుంది కదా. మీ ఆవిడకి చదివి వినిపించండి. సర్టిఫికెట్లు, ఆధార్, బంగారం అక్కడే ఉండిపోయి ఉంటే మీరూ మీ తమ్ముళ్ళూ కార్లో వెళ్ళి గొడవపడి తేకండి, ప్రొటెక్షన్ ఆఫీసరు ద్వారానో పోలీసుల్ని తోడు పెట్టుకునో తెచ్చుకోండి.

ప్రశ్న: అమలాపురంలో అద్దెకుంటున్నాం. పక్క వాటాలో రాత్రిళ్ళు కొట్టిన చప్పుడు, ఆవిడ ఏడుపు వినిపిస్తాయి. పొద్దున్నే ఏమీ జరగనట్టు ముగ్గేస్తుంది. వాళ్ళింటి విషయంలో మనం తలదూర్చొచ్చా?

జవాబు: దూర్చొచ్చు. చట్టమే దూర్చమంది. హింస జరుగుతోందని నమ్మకం కలిగిన ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద తర్వాత ఏ కేసూ రాదు. చప్పుడు వినిపిస్తున్నప్పుడే అయితే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికి వచ్చేలా లేదనిపిస్తే తలుపు తట్టి పాలల్లోకి తోడు అడగండి, కరెంటు మీకూ పోయిందా అని అడగండి, కొడుతున్న చెయ్యి ఆగడానికి చాలాసార్లు అది చాలు. పగలు ఆయన లేనప్పుడు ఆవిడతో "మీ ఆయన మిమ్మల్ని కొడుతున్నాడా" అని నిలదీయకుండా "రాత్రి వినిపించింది, ఏ అర్ధరాత్రయినా మా తలుపు కొట్టొచ్చు" అని ఒక్క మాట చెప్పి వచ్చేయండి. ఆవిడ వెంటనే ఏమీ అనకపోవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశం మొత్తం మీద ఒంటి మీద దెబ్బలో, లైంగిక హింసో పడ్డ ఆడవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. మిగతావాళ్ళంతా పొద్దున్నే లేచి ముగ్గేసేవాళ్ళే.

ప్రశ్న: కాకినాడలో ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. నా ఏటీఎం కార్డు, పిన్ను, ఫోన్ పే అన్నీ మావారి దగ్గరే. నైట్ డ్యూటీ చేసి వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా పడకగదిలో కాదనడానికి లేదు. కాదంటే తిట్లు, నెట్టడం, మర్నాడు పిల్లాడి ముందు వెటకారం. ఈ విషయం అమ్మకి కూడా చెప్పలేను. పైగా మొగుడే కదా, చట్టం ఏమంటుంది అని మా కొలీగ్ అంది.

జవాబు: మీ కొలీగ్ అన్నదాంట్లో సగం నిజముంది. భార్యకి 18 ఏళ్ళు నిండాక, కలిసి ఉంటున్న భర్త బలవంతం చేస్తే దాన్ని రేప్ అనడానికి మన కొత్త న్యాయ సంహిత కూడా ఒప్పుకోలేదు. నాకు అస్సలు నచ్చని నిజం అది. మిగతా సగం ఆవిడకి తెలీదు: గృహ హింస చట్టంలో లైంగిక హింస అని పేరు పెట్టి మరీ రాశారు, భార్య మర్యాదని దెబ్బతీసే ఏ లైంగిక ప్రవర్తనైనా అందులోకి వస్తుంది, దాని మీద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. పెళ్ళంటే ప్రతిరోజూ ఒప్పుకున్నట్టు కాదు.

అమ్మకి చెప్పలేనిది సఖి సెంటర్లో కౌన్సెలరుకి చెప్పడం తేలికవుతుంది చాలామందికి, ఎందుకంటే రేపు పండక్కి ఆవిడ మొహం చూడక్కర్లేదు కదా. మీరు నర్సు కాబట్టి ఒకటి చెప్తాను, మీ ఒంటి మీద గాయాల్ని కూడా పేషెంటు గాయాల్లాగే తేదీ వేసి రాసుకోండి, ఎక్కడ, ఎంత, ఎప్పుడు. డైరీ ఆస్పత్రి లాకర్లో ఉండాలి, ఇంట్లో కాదు.

కార్డు విషయంలో తొందరపడకండి. రేపే బ్యాంకుకి వెళ్ళి కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవచ్చు, జీతం వేరే ఖాతాలో వేయమని ఆఫీసులో రాసివ్వొచ్చు, రెండూ మీ హక్కే. కానీ ఇంతకాలం పట్టు బిగించిన మనిషి, పట్టు జారుతోందని తెలిసిన రోజునే ఎక్కువ రెచ్చిపోతాడు. అందుకని ఆ పని చేసే ముందు ఆ రాత్రి అవసరమైతే ఎక్కడుంటారు, పిల్లాడు ఎక్కడుంటాడు, చేతిలో ఎంత డబ్బుంది, ఎవరికి ఫోన్ చేస్తారు అన్నీ అనుకుని పెట్టుకోండి. సఖిలో ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, తర్వాత ఎక్కువ రోజులు ఉండే వసతి ఎక్కడుందో వాళ్ళే చెప్తారు. మీ ఇద్దరి వీడియోలు, ఫోటోలు బయటపెడతానని ఎప్పుడైనా బెదిరిస్తే అది విడిగా నేరం, సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి చెప్పండి. నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని అనిపిస్తుంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్భై దాటాయి. మండపేట దగ్గర. ఆయన పోయాక ఎకరం పొలమూ ఇల్లూ కొడుక్కి రాసిచ్చాను. ఇప్పుడు వెనక వసారాలో పడుకోమంటున్నారు, కంచం విసిరేస్తాడు, మందుల డబ్బులడిగితే ముసలి శని అంటాడు. కన్నకొడుకు మీద కేసు పెడితే లోకం ఉమ్మేయదూ? (మనవరాలి చేత రాయించాను.)

జవాబు: పెద్దమ్మా, ఉమ్మేస్తే వాడి మీద ఉమ్మేయాలి, మీ మీద కాదు. గృహ హింస అంటే మొగుడూ పెళ్ళాలదే అనుకుంటారు గానీ ఒకే ఇంట్లో ఉన్న తల్లి కొడుకు మీద కూడా అదే చట్టం కింద అడగొచ్చు. మీకింకా దగ్గర దారి ఒకటుంది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు, లాయరు అక్కర్లేదు, నెలకి 10,000 వరకు పోషణ ఇప్పించొచ్చు. పొలం సంగతి తిరకాసు కాస్త. నన్ను చూసుకోవాలనే షరతుతో ఇచ్చి ఉంటే, చూసుకోనప్పుడు ఆ రిజిస్ట్రేషను రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అడగొచ్చు. దస్తావేజులో ఆ మాట ఉందో లేదో చదివించండి. దస్తావేజులో లేకపోయినా అదే రోజు విడిగా రాసిన కాగితం ఏదైనా ఉందేమో వెతికించండి. 14567కి ఫోన్ చేస్తే, అది పెద్దవాళ్ళ హెల్ప్‌లైను, ఎక్కడికి వెళ్ళాలో దారి చూపిస్తారు. మనవరాలిది చక్కని చేతిరాత. ఆ అమ్మాయినే తోడు తీసుకెళ్ళండి. ఇంకా ఎవరికీ ఏమీ రాసివ్వని పెద్దవాళ్ళు ఇది చదువుతుంటే, ఉండగానే అంతా రాసిచ్చేయకండి, ఇచ్చినా చూసుకోవాలనే షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి.

ప్రశ్న: భీమవరం నుంచి. మీరు ఆడవాళ్ళకే రాస్తారు. నేను మగవాణ్ణి. మందు పడితే నాకు కోపం ఆగదు, మా ఆవిడ మీద చెయ్యి చేసుకుంటాను, పొద్దున్నే కాళ్ళు పట్టుకుంటాను. మొన్న మా బాబు నన్ను చూసి మంచం కిందకి దూరాడు. మానేద్దామని ఉంది. ఎలా?

జవాబు: తమ్ముడూ, రాసినందుకు మెచ్చుకుంటాను, అంతకు మించి ఇప్పుడు మెచ్చుకోను. మందు పడితే కోపం ఆగదన్నావు. అదే మందు మీదుండగా మేత డీలరు బాకీ అడిగితే అతన్ని కొట్టావా? మీ బావమరుదుల్లో బలమైనవాడిని కొట్టావా? కొట్టలేదంటే కోపం ఆగుతోంది, ఎక్కడ ఆపక్కర్లేదో కూడా నీకు తెలుసు. మందు మానడం ఒక పని, చెయ్యి మానడం ఇంకో పని, మొదటిది అయితే రెండోది దానంతటదే అవుతుందనుకోకు, తాగకుండా కొట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. 14446 మత్తు మాన్పించే కేంద్రాల హెల్ప్‌లైను, ఫోన్ చెయ్యి, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళు. ఉన్నపళంగా మందు ఆపేస్తే కొందరికి వణుకు, ఫిట్స్ వస్తాయి, డాక్టరు సలహాతో ఆపు. ఇది తేలేదాకా మీ ఆవిడ పుట్టింటికి వెళ్తానంటే ఆపకు, తనకీ బాబుకీ ఖర్చులకి నువ్వే పంపు. పొద్దున్నే కాళ్ళు పట్టుకోవడం మానెయ్, దానివల్ల తనకి నిన్ను క్షమించే పని కూడా అదనంగా పడుతోంది.

ప్రశ్న: మాది యానాం. అత్తవారిది రామచంద్రపురం. ఇక్కడ పుదుచ్చేరి, అక్కడ ఆంధ్రా. పుట్టింటికి వచ్చేశాను. ఎక్కడ కేసు వేయాలి? ఇక్కడివాళ్ళు అక్కడికీ, అక్కడివాళ్ళు ఇక్కడికీ పొమ్మంటారేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎక్కడైనా వేయొచ్చు. గృహ హింస చట్టం దేశమంతటికీ ఒక్కటే. మీరు ఉంటున్న చోట, తాత్కాలికంగా ఉంటున్నా సరే, లేదా అవతలివాళ్ళు ఉంటున్న చోట, లేదా హింస జరిగిన చోట, ఈ మూడింట్లో మీకు తిరగడం తేలికైనది మీరే ఎంచుకోండి. నన్నడిగితే యానాంలోనే వేయండి, వాయిదా ఉన్న ప్రతిసారీ అత్తవారి ఊరు బస్సు ఎక్కే బాధ ఉండదు. ఇక్కడ ఇచ్చిన ఉత్తర్వు రామచంద్రపురంలోనూ చెల్లుతుంది. పోలీసులు పొమ్మంటే జీరో ఎఫ్ఐఆర్ అనే మాట అక్కడా పనిచేస్తుంది. వెళ్ళేటప్పుడు పెళ్ళి ఫోటో, ఆధార్, ఏదైనా ఆస్పత్రి చీటీ ఉంటే అదీ, ఒక్కోటి రెండు జిరాక్సులు తీసుకెళ్ళండి, ఇచ్చిన అర్జీ నకలు మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి.

ఉత్తరాలు రాసేవాళ్ళకి చిన్న మాట: జవాబు విడిగా ఫోన్‌లో కావాలంటే ఏ టైములో చేస్తే ఇంట్లో ఇబ్బంది ఉండదో కూడా రాయండి. ఫోన్ ఎవరైనా మగమనిషి ఎత్తితే "చీటీ పాట గురించి చేశామండి" అంటాం, మీరు కంగారు పడకండి.